ముందు అంచు

హలో… ఆ, నేనే బావా. షెడ్డులోనే ఉన్నా… చెప్పు.

… అయిపోవచ్చిందా? బడిలో పుస్తకాల రాక్‌లన్నీ నిలబెట్టేశావా?… ఆహా… ఆహా… ఆగు బావా, కాస్త ఆగు. నీ కబుర్లు తర్వాత వింటా. నేనొకటి అడుగుతా, దానికి జవాబు చెప్పు. నిన్న పనయ్యాక మెషిన్ ఆపావా, లేదా?

ఆపావు. ఏది ఆపావు?… రోలర్లు ఆపావు. బాగుంది. మరి జిగురు గిన్నె కింద హీటరు?

…

నవ్వకు. నవ్వొచ్చే సంగతి కాదిది.

… ఏంటీ? వేడి మీదుంటే పొద్దున్న నాకు తేలికవుతుందనా? బావా, అదేమన్నా కాఫీ ఫ్లాస్కా? జిగురు! కాగినంతసేపే జిగురు, ఆ పైన బొగ్గు. తెల్లవార్లూ కాగి కాగి అడుగంటింది. తలుపు తీసేసరికి షెడ్డంతా ఒకటే కమురు వాసన. షెడ్డు తగలబడలేదు, సంతోషించు.

… చేసేదేముంది. పొద్దుట్నుంచీ గీకుతూనే ఉన్నా. ఇదిగో, వినపడుతోందా?… అదే, గిన్నె గీకుతున్న చప్పుడు. పొరలు పొరలుగా వస్తోంది. మధ్యాహ్నం దాటింది, ఇప్పటికి అడుగు కనపడింది. కొత్త జిగురు గింజలు పోసి పెట్టా, కరగాలి.

… ఏదో ఒకటి అంటించాలి బావా, ఊరికే కూర్చోలేను కదా. అక్క వంటింటి అలమార తలుపులున్నాయి— నువ్వు ఏడాది నుంచీ రేపు రేపు అంటున్నావే, అవి. అవన్నా చేద్దామని.

… అక్క నిన్ను ఎలా భరిస్తోందో ఆ మహాతల్లికే తెలియాలి.

సరే, అది వదిలెయ్. ఇంకో సంగతి. మెషిన్ మీద చెక్క అంచులకి అంటించే పట్టీ రోలు ఉంది చూడు, లేత గోధుమరంగుది… ఆ, మందంది. నిన్న నువ్వు కొత్త రోలేమన్నా ఎక్కించావా?

… లేదా? నేను ఎక్కించి వెళ్ళిన రోలేనా?

మరి ఇంత ఎలా మిగిలింది?

… పొదుపుగా వాడావా?

— బావా. పట్టీని పొదుపుగా ఎలా వాడతారు? చెక్క ఎంత పొడుగుంటే అంత పడుతుంది. అదేమన్నా నూనా, రెండు చుక్కలు తగ్గించి వేయడానికి?

… కాదు, కాదు. మెచ్చుకోవట్లేదు. అడుగుతున్నా. ఆ బడి రాక్‌లన్నీ, అరలన్నీ కలిపితే ఈ రోలు అయిపోయి ఇంకోటి మొదలవ్వాలి. నేను లెక్కేసే తెప్పించా. ఇక్కడ చూస్తే ఒంటి మీద గీత పడనట్టుంది.

… ఉండు, ఉండు. అరలు పెట్టేశావన్నావు కదా. ఎలా కూర్చున్నాయి?

… కొంచెం లూజా?

కొంచెం అంటే ఎంత… ఆడుతున్నాయా? చెయ్యేస్తే పక్కకి జరుగుతున్నాయా?

… ఏం పెట్టావు సందులో?

అట్టముక్కలు.

…

లేదు, లైన్లోనే ఉన్నా. అట్టముక్కలు పెట్టావు. మడిచి పెట్టావా, మడవకుండానా?… మడిచే పెట్టావు. శుభం.

బావా, ఒక్కటే అడుగుతా. ఆ అరకి ఎన్ని వైపులా పట్టీ వేశావు?

… ముందు వైపు. అది తెలుసు. ఇంకా?

… ఇంకా ఏంటంటావేంటి? ఇంకా! పక్కలకి? వెనక్కి?

… నేనా? నేను చెప్పానా? ముందు అంచులకి మాత్రమే వెయ్యమని నేను చెప్పానా? నా నోటితో?

… ఉంటే వినిపించు. ఫోన్లో ఉంది కదా నా మెసేజ్, వినిపించు… వింటున్నా…

…

ఆ. అదేగా నేను చెప్పింది. 'బావా, ముందు అంచులకి పట్టీ వేసెయ్యి, కన్నాలు తర్వాత.' సరిగ్గానే ఉందిగా! ముందు— అంచులకి— పట్టీ వెయ్యి. మొదట పట్టీ పని కానివ్వు, ఆ తర్వాతే అరల పిన్నులకి కన్నాలు పెట్టు. కన్నం కొలత పట్టీ వేసిన అంచు నుంచే తీసుకోవాలి కాబట్టి. అందుకే 'తర్వాత' అన్నా. చిన్నపిల్లాడికైనా అర్థమవుతుంది.

… ముందు అంచు అంటే ఎదురుగా ఉండే అంచా.

…

మళ్ళీ వినిపించు.

…

హు. ఒక్క చోట ఊపిరి తీసుకుని ఉంటే సరిపోయేది. గబగబా వాగేశా, ఆటో ఎక్కుతూ.

అయినా బావా! నీకు అనుమానం రాలేదా? ఇన్నేళ్ళుగా చెక్కపనిలో ఉన్నావు. అర ఇరుకులో పట్టాల్సింది వదులుగా వస్తే, 'అరే, ఎందుకు తగ్గిందిరా' అని ఒక్కసారి అనిపించలేదా? ఆ సందు పట్టీ కోసం వదిలింది బావా! రెండు పక్కలా మందపాటి పట్టీ వస్తుందని చెక్క అంత తగ్గించి కోయించా. నువ్వు దాన్ని అట్టతో పూడ్చావు.

… కోత తప్పనుకున్నావా. నా కోతే తప్పనుకున్నావన్నమాట. ఫోన్ చేసి అడగొచ్చుగా.

… నిన్న ఇక్కడే ఒక అర పెట్టి చూసి చేశావా, నేను తీయలేదా?… ఆ, తీయలేదులే. నిన్న డిగ్రీలిచ్చే హాల్లో ఉన్నా. వాళ్ళు ఫోన్లు ఆపించేశారు.

… చెప్పు, చెప్పు. ఆ మాట ఎప్పుడంటావా అని చూస్తున్నా.

… హహ. 'పట్టా వచ్చింది గానీ పట్టీ వెయ్యడం రాలేదు.' బాగుంది. ఎంతసేపట్నుంచి దాచిపెట్టుకున్నావు దాన్ని? అక్కకి వినిపించావా?… వినిపించే ఉంటావు. 'ఇంటిల్లిపాదిలో మొదటి డిగ్రీ, పనిదేముంది, నేను చూసుకుంటా, వెళ్ళి స్టేజీ ఎక్కి తెచ్చుకో' అన్నది ఎవరు? నేనా వెళ్తానన్నా? పోస్టులో తెప్పించుకుంటానంటే వింటేనా.

… సరే. సరే బావా, పోట్లాట తర్వాత. నీదా తప్పు, నాదా తప్పు అని పంచాయితీ ఇంటికెళ్ళి పెట్టుకుందాం. ఇప్పుడు నువ్వు చేయాల్సిందేంటంటే, మేకులు, మరలు, బిగించినవన్నీ విప్పు. అరలన్నీ తీసి బండిలో వెయ్యి. నిలువు చెక్కలు కూడా.

… అవును, అన్నీ.

… తెలుసు. పొద్దుట్నుంచీ నడుం విరిగేలా చేశావని తెలుసు.

… తెలుసు బావా, రేపు పొద్దున పిల్లలు సెలవుల నుంచి వచ్చేస్తారని నాకూ తెలుసు. బడి మేడంకి మాటిచ్చింది నువ్వొక్కడివేనా? కొలతలకి వెళ్ళింది నేను.

… వెనక ఎవరు చూస్తారంటావా?

బావా, అది ఏ బడి?

… చెప్పు, ఏ బడి?

ఆ. చూపు లేని పిల్లల బడి. మరి 'ఎవరు చూస్తారు' అని నువ్వు అంటే నేనేం చెప్పాలి? ఎవరూ చూడరు. ముందు వైపు కూడా ఎవరూ చూడరు! తడుముతారు. పుస్తకం తీయాలంటే అర ఈ చివర్నుంచి ఆ చివరిదాకా వేళ్ళు జరుపుకుంటూ వెళ్తారు. కింద నుంచి తడుముతారు, వెనక నుంచి తడుముతారు. ఆ రాక్‌లు గోడకి ఆనించేవి కూడా కాదు, గది మధ్యలో నిలబెట్టేవి. ఇటు పిల్లలు, అటు పిల్లలు. వాళ్ళకి ముందూ లేదు, వెనకా లేదు. నువ్వు ఏది వెనక అంటున్నావో అటు నిలబడ్డవాడికి అదే ముందు.

… లేదు, నేను లెక్చరు ఇవ్వట్లేదు.

… ఇస్తే ఇచ్చాలే.

కోసిన బోర్డు అంచు ఎలా ఉంటుందో నీకు చెప్పాలా? రంపపు పొట్టు నొక్కి చేసిన బోర్డది. పైన కాగితం పొర బ్లేడులా ఉంటుంది, లోపలంతా గరుకు. మనకి పేడు గుచ్చుకుంటే పీకి పారేసి పని చేసుకుంటాం. వాళ్ళకి ఆ వేలే చదువు బావా. చుక్కలు తడిమి చదివే వేలు. దానికి కట్టు కడితే ఆ పిల్ల ఏం చదువుతుంది? మనకి కంటిలో నలక పడ్డట్టే.

… ఇసకకాగితంతో రుద్దితేనా? రుద్దేకొద్దీ పొట్టు రాలుతుంది. నునుపు కాదు. పైగా తడిగుడ్డతో తుడిస్తే పొంగుతుంది, పొంగాక ఇంకా గరుకు.

… వార్నీష్ వద్దు. రేపటికి ఆరదు, గదంతా వాసన. వాళ్ళు వాసన పట్టినంత మనం పట్టలేం.

… ఇస్త్రీపెట్టా? ఇస్త్రీపెట్టెతో అంటించేది వేరే పట్టీ బావా, దాని వీపుకి జిగురు ముందే పూసి ఉంటుంది. మనది ఉత్త పట్టీ. పైగా ఆ ఇస్త్రీ పట్టీ కాగితంలా పల్చన, అంచు చురుగ్గా ఉంటుంది. మనది మందం కాబట్టి కట్టర్ పెట్టి మూల గుండ్రం చేయొచ్చు. మేడంకి నమూనా ముక్క ఇచ్చినప్పుడు బొటనవేలితో ఎన్నిసార్లు తిప్పి చూశారో నీకు తెలీదు. 'మూల ఎక్కడుందో తెలియట్లేదమ్మా, ఇలాగే చెయ్యండి' అన్నారు. ఆ ఒక్క మాట కోసమే పని మనకిచ్చారు.

… ప్యాకింగ్ టేపా?

బావా, నువ్వు కావాలనే అంటున్నావు కదూ?

… హమ్మయ్య. నిజంగానే అన్నావేమోనని భయపడ్డా.

… లేదు, చేత్తో జిగురు రాసి అక్కడే అంటించడం కుదరదు. ఈ జిగురుకి అంత ఓపిక లేదు. చెక్కకి తగిలిందా, గుక్క తిప్పుకునేలోగా గట్టిపడిపోతుంది. వెనకే రోలరు నొక్కుతూ రావాలి. మెషిన్ మీదే అవ్వాలి. ఇంకో మార్గం లేదు. తీసుకురా.

…

… తెస్తావా, లేదా?

… అలా అనకు. నేను పెద్దదాన్నయిపోయానని కాదు. షెడ్డు నీది, మెషిన్ నీది, కాదన్నానా? నువ్వు వద్దంటే నేనేం చేయగలను, ఇక్కడ కూర్చుని అక్క తలుపులకి పట్టీ వేసుకుంటా. కానీ ఆ పని నేను చేసిందని ఎవరికీ చెప్పకు. నా పేరు చెప్పి మాటిచ్చా.

… వారం తర్వాతా? వారం తర్వాత ఎవరొచ్చి తీస్తారు బావా? నువ్వా? అక్క తలుపులు అడుగు, చెప్తాయి నీ వారం ఎంతో.

సరే, ఒక పని చెయ్యి. నేను చెప్పినట్టు చెయ్యి, ఆ తర్వాత నీ ఇష్టం. కళ్ళు మూసుకో.

… కళ్ళు, కళ్ళు. మూసుకో.

… ఎందుకంటే మూసుకో. మూసుకుని ఆ అర వెనక అంచు మీద వేలు పెట్టి, పుస్తకం వెతుకుతున్నట్టు అటు చివరిదాకా జరుపు.

… సిగ్గేంటి, అక్కడ ఎవరున్నారు?… మేడం ఉంటే ఉన్నారు, పాపం ఆవిడకీ కనపడదు కదా, నువ్వు కళ్ళు మూసుకున్నావని ఎలా తెలుస్తుంది?

…

ఎవరు నవ్వారు?

— బావా. ఎవరో నవ్వారు. ఎవరు?

… ఫోన్ స్పీకర్లో పెట్టావా?

… ఎప్పట్నుంచి?!

… చేతులు ఖాళీ లేవా. రెండు చేతుల్తో డ్రిల్లు పట్టుకున్నావు, అందుకని. ఛీ ఛీ ఛీ. చెప్పొద్దా బావా! మొదట్నుంచీనా? అట్టముక్కలు కూడానా?

… మేడం… నమస్కారం మేడం. క్షమించండి మేడం. నేనలా… 'పాపం' అని వచ్చేసింది నోట్లోంచి, ఊరికే మాట వరసకి…

… అయ్యో, మీరు నవ్వుతున్నారు గానీ నాకు ఇక్కడ తల కొట్టేసినట్టుంది.

… అవును మేడం. అంతా విన్నారుగా, కొత్తగా చెప్పేదేముంది. పట్టీ ఒక్కవైపే పడింది. మాటలో తేడా వచ్చింది. మాదే తప్పు. నేను కొలతలకొచ్చినప్పుడు మీకు చూపించిన ముక్కలా లేవు అవి.

… మీకు తెలుసా?

… పొద్దున్నే తెలుసా? మొదటి అర పెట్టినప్పుడే తడిమి చూశారా?

మరి చెప్పలేదేం మేడం?

… ఆయన కష్టపడుతున్నాడని. పాట పాడుకుంటూ పని చేస్తున్నాడని.

… అలా కాదు మేడం—

… ఏది వస్తే దానికి… సర్దుకుంటారు. అలవాటేనా.

…

లేదు మేడం, వింటున్నా. మీరన్న మాటే వింటున్నా. నాకు నచ్చలేదు, అంతే. మిమ్మల్ని అనట్లేదు. అలవాటేంటి మేడం? చెయ్యి పెడితే గుచ్చుకునే అరకి ఎవరన్నా ఎందుకు అలవాటు పడాలి? మీరు 'ఇది ఇలా చేశావేంటయ్యా' అని రెండు చీవాట్లు పెట్టి ఉంటే పొద్దున్నే ఆగిపోయేది. మా బావ చీవాట్లు తినగలడు. మా ఇంట్లో రోజూ తింటాడు.

… కోపం కాదు మేడం. కోపమే. కానీ మీ మీద కాదు.

… పుస్తకాలా? ఎక్కడున్నాయి ఇప్పుడు?… నేల మీద దొంతరలు పెట్టారా. సెలవులంతా అలాగేనా?

… అవునా… నాకు తెలీదు మేడం. పడుకోబెట్టి ఒకదాని మీద ఒకటి పెడితే కిందవాటి చుక్కలు అణిగిపోతాయా? అయితే నిలబెట్టే ఉంచాలన్నమాట. అందుకే మీరు ఏ అరైనా ఫర్వాలేదు, తొందరగా కావాలన్నది.

… ఆలోచించుకోనివ్వండి. ఒక్క నిమిషం.

… ఇలా చేద్దాం మేడం. ఇంకా ఎండ తగ్గలేదు, టైముంది. అరలు మరలతో బిగించినవి కావు, పిన్నుల మీద ఊరికే ఆనించినవి. ఎత్తితే వచ్చేస్తాయి. నిలువు చెక్కలు విప్పాలి, అదే ఆలస్యం. అన్నీ ఒకే బండిలో వచ్చేస్తే చీకటి పడేలోపు నేను పట్టీ వేసేస్తా. రేపు పిల్లలొచ్చేలోపు మళ్ళీ నిలబడతాయి. బావ ఒప్పుకుంటే. బండి ఆయనది, డ్రిల్లు ఆయనది. నేను అడగగలను, అంతే.

… బావ ఏడి? మాట వినపడట్లేదు. బయటికెళ్ళాడా?

… అక్కడే ఉన్నాడా? ఏం చేస్తున్నాడు మేడం?… అదే, మీకెలా… 

… ఏం చప్పుడు? గోకుతున్నట్టా?… అర మీద చెయ్యి జరుపుతున్నాడా? మెల్లగానా?

…

బావా?

… బావా, ఏమైంది?

గుచ్చుకుందా?

… ఎక్కడ, వేలికా? లోతుగానా?… పీకెయ్. నోట్లో పెట్టుకోకు, కడుక్కో. మేడం, అక్కడ నీళ్ళున్నాయా?… ఆ. ఇవ్వండి.

… నేనేం అనలేదు. ఒక్క మాట కూడా అనట్లేదు. నువ్వే చెప్పు.

…

… ఆ.

… ఆ. విప్పు.

— లేదు, నాకు సంతోషం ఎందుకు బావా, నీకు పేడు గుచ్చుకుంటే. అక్క నన్నంటుంది. నువ్వు అలా అనకు, మేడం వింటారు. వింటే వినండి మేడం. మా ఇంట్లో ఇలాగే మాట్లాడుకుంటాం.

బావా, విప్పేటప్పుడు జాగ్రత్త. ప్రతి నిలువు చెక్కకీ పైన ఏది, కింద ఏది అని పెన్సిల్‌తో గుర్తు పెట్టు. లేకపోతే మళ్ళీ కన్నాలు కలవవు. అరల్ని ఒకదాని మీద ఒకటి పెట్టేటప్పుడు మధ్యలో గుడ్డో, ఆ అట్టముక్కలో వెయ్యి. ఇప్పుడు వాడు అట్టముక్కలు, ఇప్పుడు ఎవరూ తిట్టరు. దుమ్ము దులిపి తీసుకురా, అంచుకి దుమ్ముంటే జిగురు పట్టదు.

… కన్నాలకి ఏం కాదు. వెనకవైపు పట్టీ మందం పెరుగుతుంది, అంతే.

… అదొకటి ఉంది, చెప్తా. మామూలుగా అయితే పొట్టి పక్కలకి వేసి ఆఖర్న పొడుగు వైపు వేయాలి, అప్పుడు ముందుకి అతుకు రాదు. నువ్వు తలకిందులుగా చేశావు కాబట్టి ఇప్పుడు పక్క పట్టీ చివర ముందు వైపుకి వస్తుంది. కంటికి సన్నగీతలా ఉంటుంది, అది పర్లేదు. వేలికి తగలకూడదు. ప్రతి మూలా చేత్తో గీకి కలిపేస్తా. ఆలస్యమవుతుంది, ఏం చేస్తాం.

… నువ్వు పట్టుకుంటావా? సరే, అటు చివర నువ్వు పట్టుకో, నేను మెషిన్లోకి తోస్తా. తొందరపెట్టకు నన్ను. తోసుకు తోసుకు పంపితే జిగురు సరిగ్గా పడదు.

మేడం, మీరు వస్తానంటున్నారా?… రావడం దేనికి మేడం, దుమ్ములో, చప్పుడులో. మెషిన్ గోలకి చెవులు పనిచెయ్యవు మీకు.

… మీరే తడిమి చూసి, బాగుందంటేనే బండెక్కించాలా. అవును, అది న్యాయమే. మూల కలిసిందో లేదో నా కంటికంటే మీ వేలికే తెలుస్తుంది. రండి. కానీ ఒక్క షరతు మేడం. బాగోలేకపోతే బాగోలేదనాలి. మొహమాటపడితే ఊరుకోను. 'సర్దుకుంటాం' అన్నారంటే ఆ చెక్క అక్కడే పక్కన పెట్టేస్తా.

… నవ్వండి. నేను నిజంగానే అంటున్నా.

… బావకి ఇవ్వండి ఫోన్. స్పీకర్ తీసేయమనండి, ఇంట్లో మాట ఒకటి చెప్పాలి.

… బావా, తీశావా స్పీకరు?… నిజంగా?… అక్కకి నేను ఫోన్ చేస్తాలే. ఇవ్వాళ ఇద్దరం ఆలస్యం, భోజనానికి ఎదురు చూడొద్దని చెప్తా. మెసేజ్ నాదే, తప్పుగా విన్నది నువ్వు, చెరి సగం అని చెప్తా. చాలా?… వాసన సంగతి మాత్రం నువ్వే చెప్పుకోవాలి. ఆ హీటర్‌లో నాకు భాగం లేదు.

… మళ్ళీ ఏంటి?

… ఏ బల్ల?

కిటికీ దగ్గరదా. అది మనది కాదు బావా. వాళ్ళ దగ్గర ఎప్పట్నుంచో ఉన్న చదువుకునే బల్ల. ఎవరో చేశారు.

… పట్టీ ఊడిపోయి వేలాడుతోందా? ఎంత మేర?… దానికేం చేస్తాం మనం? అది అడగలేదు వాళ్ళు.

… ఎలా దొరికింది నీకు?… ఇంకా కళ్ళు మూసుకునే తిరుగుతున్నావా?!

బావా! పని చూడు!

… ఇంకోటా? ఎక్కడ? తలుపు పక్క స్టూలా… స్టూలు కింద… స్టూలు కింద ఎవరు చెయ్యి పెడతారు?

… ఆ. జరుపుకునేటప్పుడు పట్టుకుంటారు. నిజమే.

… వద్దు, గది గదంతా పెకలించకు. నేనొక్కదాన్నే ఉన్నా ఇక్కడ. చీకటి పడేలోపు అరలే పూర్తవుతాయో లేదోనని నా ఏడుపు నాది, నువ్వు ఇప్పుడు బల్లలూ స్టూళ్ళూ అంటావు. ఇంతసేపూ వెనక ఎవరు చూస్తారన్నది నువ్వేనా?

… మేడం ఏమంటున్నారు?… మెట్ల పిట్టగోడ మీద కూడా అంచు ఊడిన చెక్క పలక ఒకటి ఉందా. చాలు. చాలు బావా.

…

… బల్ల బండిలో పడుతుందా? అరలన్నీ పేర్చాక?

… స్టూలు నీ కాళ్ళ దగ్గర పెట్టుకుంటావా. పెట్టుకో.

పలక వద్దు. పలక ఇంకోసారి. అది గోడకి ఉంది, గోడ తీసుకురాలేవు.

… ఆ. ఆ. సరే. మేడంని పక్క సీట్లో కూర్చోబెట్టు, మెల్లగా నడుపు. ఇంకేం తడమకు. బయల్దేరు.

… బావా? కళ్ళు తెరుచుకుని రా. బండి నువ్వే నడపాలి.

ఉంటా.